అందంగా లేనివాళ్ళకి కథలో పనేంటి?

ఇంగ్లీష్‌లో "అగ్లీ" అంటే అందరికీ టక్కున అర్థమైపోతుంది. అదే మాట తెలుగులో చెప్పమంటే మా హాస్టల్ రూమ్‌లో నలుగురం నాలుగు మాటలు చెప్పాం. ఒకమ్మాయి "బాగోలేదు" అంది. ఇంకో అమ్మాయి "అందవికారం" అంది. మూడో అమ్మాయికి వాళ్ళ అవ్వ తిట్టే తిట్టు గుర్తొచ్చి "అనాకారి" అంది. నాకు సినిమాల పుణ్యమా అని "కురూపి" తెలుసు.

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదివినదాన్ని కాబట్టి తెలుగు మాటల్ని నేను ఇప్పటికీ కాస్త బయట నిలబడి చూస్తుంటాను. దానివల్ల ఒక లాభం కూడా ఉంది. అలవాటైపోయిన మాటలు కూడా వింతగా కనిపిస్తాయి. "బాగోలేదు" అనే మాటే తీసుకోండి. చొక్కా బాగోలేదు, ఒంట్లో బాగోలేదు, మొహం బాగోలేదు. మూడింటికీ ఒకటే మాట. అంటే అందం లేకపోవడం, జబ్బు పడటం మన భాషలో పక్కపక్క ఇళ్ళన్నమాట. "వికారం" అంటే సంస్కృతంలో మార్పు, ఉండాల్సిన తీరు తప్పడం. మనకి మాత్రం ఘాట్ రోడ్డు మీద బస్సులో కడుపులో తిప్పేది కూడా వికారమే. "అసహ్యం" అంటే సహించలేనిది. సహించలేకపోతున్నది ఎవరు? చూసేవాళ్ళు. "అనాకారి" అయితే మరీ దారుణం. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే, ఆకారమే లేదంటున్నాం. ఈ మాటలన్నీ ఎదుటి మనిషి గురించి చెప్తున్నట్టే ఉంటాయి. కానీ వాటిలో ఉన్నదంతా చూసేవాళ్ళ గొడవే.

మాటల సంగతి ఇలా ఉంటే మరి కథల సంగతేంటి అనిపించింది. చిన్నప్పుడు విన్నవి, ఇప్పుడు చదువుతున్నవి, సినిమాలు, అన్నీ కలిపి చూస్తే అందంగా లేనివాళ్ళకి కథల్లో దొరికే ఉద్యోగాలు మూడే అని నాకు అర్థమైంది. ఒకటి, చెడ్డవాళ్ళకి గుర్తుగా ఉండటం. రెండు, నవ్వించడం. మూడు, చివర్లో అందంగా మారిపోవడం. నాలుగో ఉద్యోగం చాలా అరుదు. నేను రాయాలనుకున్నది దాని గురించే, కానీ ముందు ఈ మూడూ చూద్దాం.

మొదటి ఉద్యోగానికి నా లెక్కలో టాపర్ శూర్పణఖ. అరణ్యకాండలో ఆవిడ రాముడి దగ్గరికి వచ్చే చోట వాల్మీకి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తాడు. ఆయన మొహం ఎలాంటిది, ఈమె మొహం ఎలాంటిది. ఆయన నడుం, ఈమె పొట్ట. కళ్ళు, జుట్టు, గొంతు, వయసు, ఏదీ వదలడు. ఆవిడ ఇంకా నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదు. మనం మాత్రం అప్పటికే తీర్పు ఇచ్చేశాం. తమిళంలో కంబడు ఇదే ఘట్టాన్ని వేరేలా రాశాడు. అక్కడ శూర్పణఖ మంచి అందగత్తె వేషంలో వస్తుంది. తేడా పెద్దదే కానీ లోపల లాజిక్ ఒకటే. ఆమె అసలు రూపమే ఆమె నేరానికి సాక్ష్యం. ఒక కవి దాన్ని చూపించాడు, ఇంకో కవి దాచి తర్వాత బయటపెట్టాడు.

ఇక్కడ ఇంకో విషయం. సుందరకాండలో హనుమంతుడు సభలో రావణుణ్ణి మొదటిసారి చూసినప్పుడు ఆ రూపానికీ తేజస్సుకీ ఆశ్చర్యపోతాడు. శత్రువే అయినా ఆ మెచ్చుకోలు దాచుకోడు. మన తెలుగువాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేశాం. 1958లో భూకైలాస్‌లో, 1961లో సీతారామ కళ్యాణంలో రావణుడు ఎవరు? ఎన్టీఆర్. అన్న చేసిన తప్పు చెల్లెలు చేసినదానికంటే చిన్నదేం కాదు. అయినా అన్నకి రాజసం వచ్చింది, చెల్లెలికి పెద్ద పొట్ట, రాగిరంగు జుట్టు వచ్చాయి. చెడ్డవాడు మగవాడైతే గొప్పగా ఉండొచ్చు. ఆడదైతే ఆ సౌకర్యం తక్కువ.

ఇది నేను పుస్తకంలో చదివి కనిపెట్టింది కాదు. నాకు ఎత్తుపళ్ళు, రంగు నలుపు. జాలి కోసం చెప్పట్లేదు, డేటాగా చెప్తున్నా. మా స్కూల్ యాన్యువల్ డేకి ఇంగ్లీష్‌లో రామాయణం స్కిట్ వేసేవాళ్ళు. నాలుగో తరగతిలో, ఐదో తరగతిలో, మళ్ళీ ఏడో తరగతిలో శూర్పణఖ నేనే. సీత పాత్రకి ప్రతిసారీ ఆడిషన్ జరిగేది. శూర్పణఖకి ఎప్పుడూ జరగలేదు. థర్మాకోల్‌తో చేసిన ముక్కుకి ఎర్ర రంగు పూసి ఎలాస్టిక్‌తో నాకు కట్టేవాళ్ళు. లక్ష్మణుడు అట్టకత్తి ఊపగానే నేను దాన్ని పీకి కింద పడేయాలి. హాలంతా చప్పట్లు, ఈలలు. ఏడో తరగతిలో "మేడమ్, ఈసారి నేను నేరేటర్‌గా చేస్తా" అని అడిగితే, "నీకు ఈ రోల్ బాగా సెట్ అయిందమ్మా" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకోవాలి. మా నాన్న తీసిన వీడియో ప్రతి శ్రీరామనవమికీ ఫ్యామిలీ గ్రూప్‌లో తిరుగుతుంది. అందులో నా డైలాగులు సరిగ్గా వినపడవు కానీ ముక్కు తెగినప్పటి నవ్వులు మాత్రం చాలా క్లియర్‌గా వినిపిస్తాయి.

ఆ నవ్వులే రెండో ఉద్యోగం. దీనికి శాస్త్రం కూడా ఉంది. భరతుడి నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలుంటే, అందులో రెండు అందవికారంతో సంబంధం ఉన్నవే. బీభత్స రసానికి మూలం జుగుప్స, అంటే రోత. హాస్యరసం పుట్టడానికి చెప్పిన కారణాల్లో వికృతమైన వేషం, ఆకారం, మాటతీరు ఉంటాయి. తెలుగు సినిమా కామెడీ ట్రాకులు ఈ రెండో లైన్‌నే పట్టుకుని దశాబ్దాలు లాగాయి. లావుగా ఉన్న అమ్మాయి హీరో స్నేహితుడి వెంటపడటం, నల్లగా ఉన్నవాడు చీకట్లో కనపడకపోవడం, ఇవి ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కపెట్టలేం. మనమే నవ్వాం కూడా.

కానీ నవ్వుల్లో కూడా రకాలున్నాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఉంటారు. వాళ్ళ బొమ్మలు రాముడి బొమ్మలా, సీత బొమ్మలా తీర్చిదిద్దినట్టు ఉండవు. మోటుగా, వంకరగా ఉంటాయి. అయితే రాముడు మాట్లాడలేని మాటలు వాళ్ళు మాట్లాడతారు. కథ మధ్యలో దూరి ఊళ్ళో సంగతులు ఎత్తుతారు, పెద్దల్ని కూడా ఆటపట్టిస్తారు. అక్కడ నవ్వు వాళ్ళ చేతిలో ఉంటుంది. సినిమా కామెడీ ట్రాకులో నవ్వు వాళ్ళ మీద పడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. లండన్ నేషనల్ గ్యాలరీలో "ది అగ్లీ డచెస్" అని పేరుపడ్డ బొమ్మ ఒకటుంది. క్వెంటిన్ మాసిస్ అనే చిత్రకారుడు సుమారు 1513లో వేశాడు. ముడతలు పడ్డ ముసలావిడ, పెద్ద పై పెదవి, పొట్టి ముక్కు, తల మీద కొమ్ముల్లాంటి టోపీ, వయసుకి తగని బిగుతు డ్రెస్సు, చేతిలో పువ్వు మొగ్గ. ఈ వయసులో సోకులేంటి అని నవ్వడానికే వేశారని చాలామంది అంటారు. తర్వాత కొందరు డాక్టర్లు ఆ మొహం చూసి, ఇది ఎముకలకి వచ్చే పేజెట్ జబ్బేమో అన్నారు. చూశారా, ఐదొందల ఏళ్ళ తర్వాత కూడా ఆమెకి దొరికినవి రెండే దారులు. అయితే జోకు, లేకపోతే పేషెంటు. మళ్ళీ మన "బాగోలేదు" దగ్గరికే వచ్చాం.

మూడో ఉద్యోగం వినడానికి మంచిగా ఉంటుంది, అందుకే అది నాకు ఎక్కువ ఇబ్బంది. భాగవతంలో కుబ్జ మధుర వీధిలో కృష్ణుడికి గంధం ఇస్తుంది. ఆయన ఆమె పాదాల మీద తన పాదం ఆనించి, రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని పైకెత్తగానే మూడు వంకరల ఒళ్ళు తిన్నగా అయిపోతుంది, ఆమె అందగత్తె అవుతుంది. 1843లో అండర్సన్ రాసిన "అగ్లీ డక్లింగ్" మనందరికీ యూకేజీలోనే చెప్పారు. రూపం ముఖ్యం కాదని చెప్పే కథ అన్నారు. నిజానికి ఆ పిల్ల చివరికి హంస అవుతుంది. బాతుల గుంపులో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, ఎవరూ సారీ చెప్పలేదు. దాని గుడ్డు వేరు, అంతే. అది నిజంగానే కాస్త వికారంగా ఉన్న బాతుపిల్ల అయ్యుంటే కథ ఎలా ముగిసేదో అండర్సన్ చెప్పలేదు. "బ్యూటీ అండ్ ది బీస్ట్" కూడా ఇంతే. ప్రేమకి రూపంతో పనిలేదని గంటన్నర చెప్పి, చివరి ఐదు నిమిషాల్లో బహుమతిగా అందమైన రాకుమారుణ్ణి ఇస్తారు. కోడింగ్ భాషలో చెప్పాలంటే అందవికారం ఒక బగ్. బగ్ ఫిక్స్ అవగానే టికెట్ క్లోజ్.

నేను ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది అష్టావక్రుడి మీద. కడుపులో ఉండగానే తండ్రి వేదపాఠంలో తప్పు పట్టినందుకు శాపం తగిలి ఎనిమిది వంకరలతో పుట్టినవాడు. జనకుడి సభలో అందరూ ఆయన్ని చూసి నవ్వితే, ఆయన ఇంకా గట్టిగా నవ్వాడని మా అమ్మమ్మ చెప్పేది. ఇది పండితుల సభ అనుకున్నాను, చర్మం చూసి లెక్కకట్టే తోలు పనివాళ్ళ సభ అని తెలీదు అన్నాడట. చిన్నప్పుడు ఆ పంచ్‌కి నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడు మళ్ళీ వింటే రెండు చోట్ల ఆగిపోతున్నాను. ఒకటి, మహాభారతం అరణ్యపర్వంలో ఆయన కథ చివర తండ్రి చెప్పగా సమంగా నదిలో మునుగుతాడు, వంకరలన్నీ పోతాయి. ఆయనకీ బగ్ ఫిక్స్ తప్పలేదు. రెండు, తన రూపానికి జరిగిన అవమానానికి జవాబు చెప్పడానికి ఆయన ఇంకొకరి వృత్తిని తక్కువ చేయాల్సి వచ్చింది. తోలు పని చేసేవాళ్ళు ఆ సభలో లేరు. వాళ్ళెవరూ ఆయన్ని చూసి నవ్వలేదు. అయినా దెబ్బ వాళ్ళకే తగిలింది.

ఇవన్నీ పాత కథలు, ఇప్పుడు కాలం మారింది అనుకునేవాళ్ళకి మా బ్రాంచ్ సంగతి ఒకటి చెప్తా. ఈ సెమ్‌లో మినీ ప్రాజెక్ట్ కోసం మా టీమ్ సెలెబ్‌ఏ అనే డేటాసెట్ డౌన్‌లోడ్ చేసింది. 2015లో వచ్చింది, ఫేస్ రికగ్నిషన్ నేర్చుకునేవాళ్ళు చాలామంది వాడేది. రెండు లక్షలకి పైగా ఫోటోలు, పదివేలకి పైగా సెలెబ్రిటీలు, ఒక్కో ఫోటోకి 40 లక్షణాలు. ఉంటే 1, లేకపోతే -1. కళ్ళజోడు ఉందా, మీసం ఉందా, నవ్వుతున్నారా, ఇలా వెళ్తూ వెళ్తూ ఒక కాలమ్ పేరు "అట్రాక్టివ్". దానికి కూడా 1 లేదా -1. సున్నా లేదు, "చూసేవాళ్ళని బట్టి" లేదు. తమాషా ఏంటంటే, అందులో -1 వచ్చినవాళ్ళు కూడా సెలెబ్రిటీలే. "పెద్ద ముక్కు" అనే కాలమ్ ఉంది. "తెల్లని చర్మం" అనే కాలమ్ ఉంది, నల్లని చర్మానికి లేదు. ఎత్తుపళ్ళకి కాలమ్ లేదు కానీ "నోరు కొంచెం తెరిచి ఉంది" అని ఒకటుంది. మాలాంటివాళ్ళకి అది పర్మనెంట్‌గా 1.

మోడల్ ట్రెయిన్ అయ్యాక అందరం సరదాగా మా ఫోటోలు ఇచ్చి చూశాం. నాకు -1 వచ్చింది. నవ్వొచ్చింది, నిజంగానే. ఎందుకంటే అది కోపంగా చెప్పలేదు, జాలిగా చెప్పలేదు, "నల్లగా ఉన్నా కళగా ఉంది" అని మా పెద్దమ్మలా "ఉన్నా" ఒకటి అతికించి ఓదార్చనూ లేదు. కానీ తర్వాత ఆలోచిస్తే భయమేసింది. వాల్మీకి ఒక్క శూర్పణఖనే పోల్చాడు. ఈ కాలమ్ ఎన్ని మోడళ్ళలోకి వెళ్ళిందో, ఎన్ని కోట్ల మొహాల్ని పోలుస్తోందో. 2017లో ఫేస్‌యాప్‌లో "హాట్" అనే ఫిల్టర్ వేస్తే మొహం తెల్లబడేది. గొడవ అయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది. మన దేశంలో 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. లేబుల్ మారింది. దాని వెనక ఉన్న కాలమ్ మారిందా అనేదే నా డౌట్.

ఇప్పుడు నాలుగో ఉద్యోగం. అందంగా లేనివాళ్ళు అలాగే ఉండి, కథలో తమ పని తాము చేసుకుపోవడం. ఫస్టియర్‌లో లైబ్రరీ నుంచి "ఫ్రాంకెన్‌స్టైన్" తెచ్చుకున్నాను. 1818లో వచ్చిన నవల. రాయడం మొదలుపెట్టినప్పుడు మేరీ షెల్లీకి 18 ఏళ్ళు, నాకంటే ఒక ఏడాది చిన్న. అందులో ఆ వికృతజీవి ఒక కుటుంబాన్ని చాటుగా గమనిస్తూ భాష నేర్చుకుంటుంది, పుస్తకాలు చదువుతుంది. ఒకరోజు ధైర్యం చేసి ఇంట్లో ఒంటరిగా ఉన్న గుడ్డి ముసలాయనతో మాట్లాడుతుంది. ఆయన మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. కళ్ళున్నవాళ్ళు ఇంటికి రాగానే అంతా పాడైపోతుంది. రాక్షసత్వం దాని మొహంలో పుట్టలేదు, చూసినవాళ్ళు చేసిన పనిలో మొదలైందని చెప్పడానికి ఆ ఒక్క సీన్ చాలు. పాపం, దానికి కథలో గొంతు దొరికింది కానీ చోటు దొరకలేదు.

చోటు దొరికిన కథ ఒకటి పక్క తమిళదేశంలో ఉంది. కారైక్కాల్ అమ్మయ్యార్, సుమారు 6వ శతాబ్దం నాటి శివభక్తురాలు, 63 మంది నాయనార్లలో ఒకరు. ఆమె మహిమ చూసి భయపడి భర్త వదిలి వెళ్ళిపోతే, ఇక ఈ అందం ఎవరి కోసం అని, దీన్ని తీసేసి నీ భూతగణంలో ఒకదాన్ని చెయ్యమని శివుణ్ణి కోరిందట. చోళుల కాలం నాటి కంచు విగ్రహాల్లో ఆమె ఎముకల గూడులా, వేలాడే రొమ్ములతో, చేతిలో తాళాలతో కూర్చుని పాడుతూ ఉంటుంది. శివుడు ఆమెని "అమ్మా" అని పిలిచాడని కథ. ఆమెని ఎవరూ బాగుచేయలేదు. ఆమె అడగలేదు కూడా.

మనకి జాషువా ఉన్నాడు. 1941 నాటి "గబ్బిలం" కావ్యం పేరు తప్ప నాకేమీ తెలీదు, మన క్లబ్ మీట్‌లో సీనియర్ ఒకాయన వివరించేదాకా. దమయంతికి నలుడి కబురు తేవడానికి హంస వచ్చింది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా తన కథానాయకుడి కబురు శివుడికి చేర్చడానికి గబ్బిలాన్ని పిలిచాడు. ఇంట్లోకి వస్తే అరిష్టమని మనం చీపురు తీసుకుని తరిమే గబ్బిలాన్ని. ఎందుకంటే ఆ కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అది గర్భగుడిలో వేలాడుతూ దేవుడి చెవిలో చెప్పగలదు. కావ్యం అయిపోయేసరికి ఆ గబ్బిలం నెమలి అయిపోదు. గబ్బిలంగానే ఉంటుంది, గబ్బిలం కాబట్టే ఆ పని చేయగలదు. ఇంకో సంగతి, ఆ కథానాయకుడు చెప్పులు కుట్టి బతికే మనిషి. అష్టావక్రుడి పంచ్‌లో దెబ్బతిన్నది ఎవరో గుర్తుందిగా? వాళ్ళలో ఒకడు ఇక్కడ కథ నడిపాడు.

చివరిగా ఓల్గా గారి "విముక్త" కథల్లో ఉన్న "సమాగమం". ఈ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అడవిలో ఉన్న సీత చాలా ఏళ్ళ తర్వాత శూర్పణఖని కలుస్తుంది. శూర్పణఖ అప్పటికి ఒక అందమైన తోట పెంచుకుని ఉంటుంది. ముక్కు పోయాక అందమైన ప్రతిదాని మీదా ఎంత ద్వేషం వచ్చిందో, దాని నుంచి బయటపడటానికి ఎంత కష్టపడిందో సీతకి చెప్తుంది. ముక్కు తిరిగి రాదు. తోట మాత్రం ఉంది. మూడేళ్ళు శూర్పణఖగా చేసినదాన్ని, ముక్కు తెగాక ఆమె ఎక్కడికి వెళ్ళి ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మా స్కిట్‌లో ఆమె సైడ్ కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయేది, అంతే. ఆ కథ చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ ఏంటంటే, నా పళ్ళకి క్లిప్పులు. ప్లేస్‌మెంట్స్ లోపు వేయించేసుకోమని అమ్మ పట్టు. "ఇంటర్వ్యూలో మొహం చూస్తారే, తర్వాత సంబంధాలవాళ్ళు కూడా చూస్తారు" అంటుంది. అమ్మది ద్వేషం కాదు, అనుభవం. లోకంలో ఏ కాలమ్ ఉందో ఆవిడకి నాకంటే ముందే తెలుసు. నమలడానికి కూడా ఇబ్బందిగానే ఉంది కాబట్టి ఈ ఎండాకాలం సెలవుల్లో వేయించుకుంటానేమో. దానికి నేనేమీ వ్యతిరేకం కాదు. నాకు పడనిది ఒక్కటే. క్లిప్పులు తీసిన రోజు నుంచి నా కథ మొదలవుతుందన్నట్టు అందరూ మాట్లాడటం. ఇప్పటిదాకా కోడ్ రాసింది, పరీక్షలు రాసింది, అర్ధరాత్రి మ్యాగీ చేసుకున్నది, ఇది రాస్తున్నది ఎవరు మరి? ఈ పళ్ళదే కదా.

మీకు తెలిసిన కథలు ఉంటే నాకు చెప్పండి. తెలుగైనా, ఏ భాషైనా, సినిమా అయినా పర్లేదు. షరతులు మూడే. అందంగా లేని మనిషి అందులో విలన్ కాకూడదు. జోకు కాకూడదు. చివర్లో అందంగా మారిపోకూడదు. "ష్రెక్" ఇప్పటికే నా లిస్ట్‌లో ఉంది, ఫియోనా చివరికి ఓగర్‌గానే ఉండిపోతుంది కాబట్టి. ప్రస్తుతానికి లిస్ట్ చాలా చిన్నది. వచ్చే క్లబ్ మీట్‌కి పేపరూ పెన్నూ తెస్తాను, పొడుగు చేసే బాధ్యత మీది.